మిజునో పట్టీ

మా నాన్న చెయ్యి వణక్కుండా చేయాలని నేను తయారుచేసిన పట్టీ పందొమ్మిది నిమిషాల్లో పదకొండు మందిని చంపింది. ఎనిమిది మంది తల పగిలి చచ్చిపోయారు. ముగ్గురికి పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తుల్లో దిగాయి. కొట్టింది పగవాళ్ళు కాదు. ఆ పొద్దున్న పక్కపక్కన కూర్చుని, ఒకరి ప్లేటులో ఒకరు చెయ్యిపెట్టి ఉప్మా తిన్న స్నేహితులు. ఈ వివరాలన్నీ విచారణ కమిటీ ముందు నేనే చదివాను. నా గొంతు వణకలేదు. నాలో ఆ గుణం ఉందని మొదటే చెప్పేస్తున్నాను.

దీనంతటికీ మూలం ఒక క్యాసెట్టు.

మా నాన్న సన్యాసిరావు విశాఖ ఓడరేవులో ఖనిజం ఎత్తే బెల్టు దగ్గర పనిచేసేవాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ జపాన్ ఓడల్లోకి ఇనుపరాయి పోయించడం, డ్యూటీ దిగాక సాగరిక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించడం ఆయన పని. ఎనభయ్యో సంవత్సరంలో ఒక జపాన్ నావికుడు అరటిగెల తీసుకుని, బదులుగా ఆయన చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. అట్ట మీద ముగ్గురు మనుషులు బూడిదరంగు ఫ్యాక్టరీ బట్టల్లో, నవ్వితే జరిమానా అన్నట్టు నిలబడి ఉన్నారు. ఆ బ్యాండు పేరు డెంకి కోజో. కరెంటు కార్ఖానా అని అర్థమట.

ఇప్పటివాళ్ళకి ఆ పేరు తెలీదు గానీ, కచేరీలో పాట భారమంతా యంత్రాల మీద పెట్టి నడిపించవచ్చని చూపించిన తొలితరం వాళ్ళు. వాళ్ళని విని పడమటి దేశాల వాళ్ళు మారారు. ఆ మారినవాళ్ళని విని మద్రాసు సినిమా పాట మారింది. దాన్ని విని జాలారిపేట పెళ్ళిబ్యాండు మారింది. మారనిది మా అమ్మ ఒక్కతే. "ఆ టిక్కు టిక్కేటి, ఇంట్లో బల్లులు సాలవేటి?" అనేది.

ఆ టిక్కులోనే ఉంది కథంతా. డెంకి కోజో వాళ్ళు ముగ్గురూ చెవిలో ఒక గొట్టం పెట్టుకుని వాయించేవారు. అందులో యంత్రం టిక్కు టిక్కుమంటూ కాలం చెబుతుంటే, దాన్ని పట్టుకుని వీళ్ళు వాయించాలి. జనానికి ఆ టిక్కు వినపడదు. దాన్ని అంకెల్లో కొట్టి యంత్రానికి పెట్టే నాలుగో మనిషి ఒకడు వేదిక వెనక, జనానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పేరు మిజునో. మా నాన్నకి ఆ ముగ్గురి మీద కంటే ఈ వీపు మీదే భక్తి. అలారం గడియారాన్ని తువ్వాలుతో చెవికి కట్టుకుని డ్రమ్స్ సాధన చేసేవాడు. కార్ఖానా వాళ్ళ బట్టల్లాంటివే బూడిదరంగువి కుట్టించుకుని పెళ్ళిళ్ళలో వాయించాడు. మున్సిపాలిటీ మనిషి అనుకుని ఎవరో కాలవ బాగుచెయ్యమన్నారు.

మిజునోకి ఉత్తరం కూడా రాశాడు. మీ సంగీతం గొప్పదే గానీ దరువు ఎక్కదు, మొదలైన వేగంలోనే ఉండిపోతుంది, మావైపు దరువు పోనుపోను ఎక్కుతుంది అని రాయించాడు. ఏడాదికి జవాబు వచ్చింది. యంత్రం చెప్పాలి, మనిషి వినాలి, యంత్రం కూడా మనిషి మాట వినడం మొదలుపెడితే ఆపేవాడు ఉండడు అని నాలుగే నాలుగు వరుసలు. "పాపం, ఆయన మన జాతర సూడ్నేదు," అని నాన్న జాలిపడ్డాడు.

అరవై ఎనిమిదో ఏట ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. ఏడాదిలో ఆ వణుకు చెయ్యంతా పాకింది. పార్కిన్సన్స్ అన్నారు. టీ గ్లాసు ఇస్తే సగం చొక్కాయే తాగేది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయేవాడు, కాలికి మేకు కొట్టినట్టు. డ్రమ్స్ కర్రలు అటక ఎక్కాయి. ఆయన వాటివైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడేవాడు.

నేను నరాల మీద పనిచేసే ఇంజినీర్ని. పేరు నూకరత్నం. ఈ జబ్బున్నవాళ్ళకి బయటి నుంచి లయ వినిపిస్తే అడుగు పడుతుందన్నది కొత్త సంగతేం కాదు. నేను చేసిందల్లా ఆ లయని చెవికి కాకుండా, మెడ వెనక నుంచి నేరుగా నరాలకి అందించే పట్టీ తయారుచేయడం. మా ప్రయోగశాలలో రెండేళ్ళపాటు రకరకాల లయలు పెట్టి చూశాను. నాన్న రెండడుగులు వేసేవాడు, ఆగిపోయేవాడు.

"ఆల్ల టిక్కు పెట్టవే," అన్నాడు ఒకరోజు విసుగ్గా.

"ఎవరి టిక్కు?"

"ఎవులదేటి? కరెంటు కార్ఖానాది."

మిజునో బతికే ఉన్నాడు, ఎనభై దాటాయి. అడగ్గానే పాత కచేరీ తాలూకు అంకెలన్నీ పంపించాడు. వాటిని చూసి నేను కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాను. ఆ టిక్కులు సమానంగా లేవు. ప్రతి టిక్కూ తన చోటికంటే వెంట్రుకవాసి ముందు పడుతోంది, ఒక్కొక్కటి ఒక్కో కొలతలో. ఒక్క కచేరీకి వేల అంకెలు, అన్నీ చేత్తో కొట్టినవి. వినేవాడి ఒంటిని వెనక నుంచి కొద్దికొద్దిగా ముందుకి నెట్టే ఏర్పాటు అది. డెంకి కోజో పాట వింటే ప్రపంచమంతా ఊరికే కాళ్ళాడించలేదు.

ఆ అంకెలు పట్టీకి ఎక్కించి, నాన్న మెడకి కట్టి, మీట నొక్కాను. ఆయన చెయ్యి ఆగింది. టీ గ్లాసు తీసుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా తాగి, గ్లాసు బల్లమీద పెట్టి, లేచి వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు. ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. ఆ పట్టీకి మిజునో అని పేరు పెట్టింది నాన్నే. "మిజునోని ఇలాగట్రావే," అని పొద్దున్నే అడిగేవాడు.

మూడు వారాల తర్వాత బీచ్ రోడ్డులో ఇద్దరం నడుస్తున్నాం. లయ పంపే పెట్టె నా సంచీలో ఉంది. నేను మురీ మిక్చర్ బండి దగ్గర ఆగాను, నాన్న ఆగలేదు. పెట్టెకి దూరమయ్యేసరికి లయ తెగిపోయింది. ఒక కాలు గాల్లో ఉండగానే ఆయన కొయ్యబారిపోయి, మొహం నేరుగా ఫుట్‌పాత్ రాతికి కొట్టుకునేలా పడ్డాడు. నాలుగు పళ్ళు ఊడి రక్తంలో పడ్డాయి. అవి నేనే ఏరాను. ఆ వారమే పట్టీ మార్చాను. ప్రతి పట్టీకీ సొంత బ్యాటరీ, సొంత జ్ఞాపకం పెట్టాను. లయ ఎక్కడ తెగినా, మొదలుపెట్టిన కదలికని పట్టీయే పూర్తిచేసుకుంటుంది. ఎవరినీ మధ్యలో వదిలెయ్యదు. దయతో చేసిన మార్పు అది.

రెండో మార్పు నాన్న పోరు పడలేక చేశాను. మళ్ళీ, డ్రమ్స్ బదులు అరచేత్తో కొట్టే కరెంటు ప్యాడ్స్ వాయించడం మొదలుపెట్టిన పది రోజులకే సణుగుడు.

"ఇది సచ్చు టిక్కే. ఎక్కదు, దిగదు. నానెక్కితే అదీ ఎక్కాల, అదెక్కితే నానెక్కాల. అదీ దరువంటే."

"మిజునో వద్దన్నాడు కదా నాన్నా."

"ఆయన పెద్దోడే, కాదనను. నానూ వాయించినోడినే."

యంత్రానికి వినడం నేర్పాను. నాన్న చెయ్యి వేగం పెంచితే టిక్కు పెరుగుతుంది, టిక్కు పెరిగితే చెయ్యి ఇంకా పెరుగుతుంది. దరువు ఎక్కి ఎక్కి, చివరికి ముక్తాయింపు వాయించేవాడు. ఒకే వరసని మూడుసార్లు తిప్పి, ఆఖరి దెబ్బతో ముగించడం. ఆ దెబ్బ పడగానే యంత్రం చల్లబడేది. ప్రతిసారీ పది నిమిషాలు దాటేది కాదు, ముసలి ఒళ్ళు కాబట్టి అలసిపోయేవాడు. మా యంత్రానికి ఉన్న ఒకే ఒక్క బ్రేకు ఆ అలుపేనని నాకు తట్టలేదు. చదువుకున్న గాడిదని.

నా తమ్ముడు ఎర్నాయుడు కర్రసాము గురువు. వాడూ, జగ్గప్పా కలిసి నేర్పేవారు, వాళ్ళిద్దరితో కలిపి నలభై మంది. ఇద్దరూ ఎనిమిదో ఏట ఒకేరోజు కర్ర పట్టారు. అప్పటినుంచీ ఒకడు లేకుండా ఇంకొకణ్ణి ఎవరూ చూడలేదు. జగ్గప్ప మా ఇంట్లో తిన్న అన్నం వాళ్ళింట్లో తిన్నదానికంటే ఎక్కువ. తమ్ముడు ఒకరోజు నాన్న వాయించడం చూసి నా వెంట పడ్డాడు. మావైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

"అప్పా, మావోళ్ళందరికీ ఒకటే దరువు ఒంట్లోకి ఎక్కితే ఎలాగుంటాదో ఊహించు. నలబై కర్రలు, ఒకటే దెబ్బ!"

ఒకసారి వద్దన్నాను. రెండోసారి అడిగితే సరేనన్నాను. నలభై ఆరోగ్యమైన ఒళ్ళ కొలతలు దొరుకుతుంటే వద్దనే బుద్ధి నాకెక్కడిది? నాన్న మెడకి పెద్ద పట్టీ, కుర్రాళ్ళ మెడలకి పిల్ల పట్టీలు. ఆయన చెయ్యి అందరికీ వెళ్తుంది, అందరి ఊపూ ఆయనకి తిరిగి వస్తుంది.

సాధనలో మొదటి రోజే జగ్గప్ప చూపుడువేలు విరిగింది. పట్టీ విప్పేదాకా వాడికే తెలీదు. పట్టీ తీయగానే అందరి కాళ్ళూ ఓ అరగంట పనిచేయవు కాబట్టి, వాడు నేలమీద చతికిలబడి, పక్కకి వాలిపోయిన వేలుని చూసుకుని నవ్వాడు.

"నొప్పే తెలీనేదప్పా. సిత్రంగుంది."

నేను వెంటనే పుస్తకంలో 'నొప్పి బాగా తగ్గుతోంది, గమనించదగ్గ విషయం' అని రాసుకున్నాను. వేలికి కట్టు కట్టడం ఆ తర్వాత.

ప్రదర్శన ఓడరేవు కార్మికుల గ్రౌండులో, మధ్యాహ్నం మూడింటికి. మూడు వేల మంది వచ్చారు. నాన్న బూడిదరంగు బట్టలు వేసుకుని వేదిక ఎక్కాడు. ఆయన ఎదురుగా ఇరవై జతలు బారుగా నిలబడ్డాయి. చిట్టచివరి జత ఎర్నాయుడు, జగ్గప్ప. గెంతేటప్పుడు ఊడిపోకుండా పట్టీల మీద ఆస్పత్రి ప్లాస్టరు నాలుగేసి చుట్లు చుట్టారు.

మొదటి ఆరు నిమిషాలు నా జీవితంలో చూసినవాటిలోకెల్లా అందమైనవి. అది అబద్ధం కాదు కాబట్టి చెప్పాలి. నలభై కర్రలు గాల్లోకి లేచేవి, ఒక్క చప్పుడుతో కొట్టుకునేవి. నాన్న నవ్వుతున్నాడు. డెంకి కోజో టిక్కు మా దరువై మా కుర్రాళ్ళ ఎముకల్లో ఆడుతోంది. జనం ఈలలు వేశారు. ఈలలకి కుర్రాళ్ళు ఊగారు, వాళ్ళ ఊపుకి నాన్న చెయ్యి వేగం పెరిగింది, ఆ వేగం మళ్ళీ వాళ్ళకి వెళ్ళింది.

తొమ్మిదో నిమిషంలో మూడో జతలో ఒకడి కర్ర ఎదుటివాడి దవడకి తగిలింది. దవడ పక్కకి జరిగిపోయింది. వాడు ఆగలేదు. వేలాడే దవడతోనే దరువు తప్పకుండా కొట్టాడు. జనం అది కూడా ఆటే అనుకుని ఇంకా గట్టిగా ఈలలు వేశారు. పదకొండో నిమిషంలో ఒకడి మోచెయ్యి వెనక్కి విరిగితే, కర్ర రెండో చేతిలోకి మార్చుకుని కొట్టాడు. పన్నెండులో మొదటి పుర్రె పగిలింది. ఆ చప్పుడు మాత్రం ఆటలోది కాదని అందరికీ తెలిసింది. పడిపోయినవాణ్ణి ఎదుటివాడు వదల్లేదు. వంగి, లయ తప్పకుండా, మొహం ఉండాల్సిన చోట కొడుతూనే ఉన్నాడు. కొడుతూ ఏడుస్తున్నాడు. "నేగు, నేగరా!" అంటూ లెమ్మని వాణ్ణే బతిమాలుతున్నాడు.

జనం గేటు మీద పడ్డారు. గేటు దగ్గర తొక్కుకున్నారు. పోలీసులు బయట, మేం లోపల.

ఎవడైనా అలసిపోయి నెమ్మదించబోతే మిగిలిన ముప్పై తొమ్మిది మంది ఊపు వాణ్ణి లాక్కుపోతోంది. నలభై కుర్ర ఒళ్ళు ఒకేసారి అలసిపోవు. అది నాకు అప్పుడు అర్థమైంది. మీట నొక్కి లయ తెంపినా లాభం లేదు, ముక్తాయింపు పడేదాకా పట్టీలు వాటి జ్ఞాపకంలోంచే దరువు నడుపుకుంటాయి. దరువుని ముక్తాయింపుతో ముగించగలిగేది నాన్న ఒక్కడే. వేదిక ఎక్కి ఆయన చెవిలో అరిచాను.

"ముగించు నాన్నా! ముగించెయ్!"

ఆయన చేతులు కంటికి ఆనడం లేదు. ప్యాడ్స్ మీద చెమటతో పాటు రక్తం చిందుతోంది, అరచేతులు చీలిపోయాయి. కళ్ళు మాత్రం దూరంగా ఎర్నాయుడి మీదే ఉన్నాయి.

"ఆడు సైగ సెయ్యనేదే!" అన్నాడు. "గురువు నెత్తిమీద కర్ర అడ్డం పెట్టకుండా నానెలాగ ముగించేది?"

మా పద్ధతి అది. వాయించేవాడు తనంతట తను ముగించడు. ఆడించేవాడు సైగ చేయాలి. నలభై ఐదేళ్ళు ఆయన ప్రతి వేదిక మీదా ఎవరో ఒకరి సైగ కోసం చూసే ముక్తాయింపు వాయించాడు. యంత్రానికి మా దరువంతా నేర్పాం, ఈ సైగ సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. సైగ చేయాల్సినవాడి మెడకి కూడా పట్టీ కట్టాం.

"వాడు చెయ్యలేడు నాన్నా! వాడి చేతులు వాడివి కావు!"

అప్పుడు చూశాడు. బారు పొడుగునా ఏం జరుగుతోందో అప్పుడు పూర్తిగా చూశాడు. పళ్ళు బిగించి ముక్తాయింపు ఎత్తుకున్నాడు. మొదటి చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టు చివర్లో చెయ్యి నెత్తిమీదికి లేపి, అక్కడే ఆపేశాడు. ఆఖరి దెబ్బ వెయ్యలేదు.

గ్రౌండంతా ఆగిపోయింది. నిలబడ్డవాళ్ళందరూ కర్రలు ఎత్తి, ఆ దెబ్బ కోసం ఆగిపోయారు. మామూలుగా ఆఖరి దెబ్బకి రెండు కర్రలూ గాల్లో ఢీకొట్టుకుంటాయి. ఆ రోజు ఎవరూ ఉండాల్సిన దూరంలో లేరు. ఒకడి కర్ర నేరుగా ఇంకొకడి మాడు మీద ఉంది, మధ్యలో అడ్డు లేదు.

"ఇది ఎయ్యకూడదే," అన్నాడు నాన్న, కదిలితే పడిపోతానన్నట్టు పెదాలతో మాత్రమే. "ఏస్తే అందరూ సస్తారు. పో. ఆల్ల పట్టీలు కోసీ."

"నువ్వు ఎంతసేపు పట్టుకోగలవు?"

"పో!"

పట్టీ ఆయన చేతిని కిందికి లాగుతోంది. ఆయన పైకి పట్టుకుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ భుజం అది. నేను మందుల డబ్బాలో కత్తెర తీసుకుని పరిగెత్తాను.

ఇద్దరూ నిలబడి ఉన్నవి ఏడు జతలు. మిగతా జతల్లో ఎత్తిన కర్రల కింద ఇక బతికున్నవాడు లేడు. దగ్గరున్నవాళ్ళ నుంచి మొదలుపెట్టాను. న్యాయం కోసం కాదు, వాళ్ళే దారికి అడ్డంగా ఉన్నారు. ప్లాస్టరు రక్తంలో నాని కత్తెరకి చిక్కడం లేదు. ఒకడి పట్టీ కోస్తే మోకాళ్ళ మీద కూలిపోయేవాడు, అప్పుడు ఎదుటివాడిది. కాళ్ళ కింద కుర్రాళ్ళని తొక్కాను. కొందరు మూలిగారు, కొందరు మూలగలేదు. ఒక జత, రెండు, నాలుగు, ఆరు. ఆరో జతలో ఒకడి మెడ కత్తెర కొనకి చీరుకుంది. వాడు నాకు దణ్ణం పెట్టాడు.

ఏడోది ఎర్నాయుడు, జగ్గప్ప.

ఇద్దరి మొహాలూ రక్తంతో తడిసి, ఒకరి మొహం ఒకరికి మూరెడు దూరంలో ఉన్నాయి. తమ్ముడి చెవి సగం లేదు. వెనక్కి తిరిగి చూశాను. నాన్న రెండో చేత్తో కుడి మోచెయ్యిని ఎత్తి పట్టుకున్నాడు, అయినా అది దిగుతోంది. ఒక్క పట్టీ కోసే సమయం ఉంది. రెండుకి లేదు.

"అప్పా," అన్నాడు ఎర్నాయుడు. నోరు ఒక్కటే వాడి చెప్పుచేతల్లో ఉంది. "నాది కొయ్యి. అప్పా, నాది కొయ్యి!"

ఈ మాట అర్థం కావాలంటే ఒకటి తెలియాలి. పట్టీ కోసినవాడు బతికిపోడు. వాడి కాళ్ళు పడిపోతాయి, కర్ర జారిపోతుంది, ఎదుటివాడి కర్ర కింద మోకాళ్ళ మీద కూలుతాడు. ఆ కర్ర కిందిదాకా దిగుతుంది. పట్టీ ఉన్నవాడి మీదికి దిగే కర్ర ఇక ఉండదు, వాడు బతుకుతాడు. ఆ క్షణంలో ఆ గ్రౌండులో ఇది తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, నా తమ్ముడూ. వాడు తన చావు అడుగుతున్నాడు. జగ్గప్పని తన చేత్తో చంపకుండా ఉండటం అడుగుతున్నాడు.

జగ్గప్ప నావైపు చూశాడు. వాడికేం తెలీదు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

నేను మధ్యలోకి నా తల పెట్టి ఉండవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. వచ్చి, పోయింది.

జగ్గప్ప మెడ వెనక కత్తెర దూర్చి పట్టీ కోశాను. "అమ్మయ్య," అంటూ వాడు మోకాళ్ళ మీదికి జారాడు. వెనక నాన్న చెయ్యి ప్యాడ్ మీద పడింది. నా తమ్ముడి కర్ర దిగింది. నా మొహం మీద, నోట్లో, వెచ్చగా పడింది. కర్ర రెండు ముక్కలైంది. ఎర్నాయుడు ఆ సగం కర్ర పట్టుకుని అరవడం మొదలుపెట్టాడు. వాడి పట్టీ కూడా కోశాక నేలమీద పడి అరిచాడు.

గ్యాలరీలో ఎవరో ఫోనులో తీశారు. ఆ నిశ్శబ్దంలో మాటలన్నీ స్పష్టంగా వినిపించాయి. దేశమంతా చూసింది. తమ్ముడు తనని కాపాడమని రెండుసార్లు ప్రాధేయపడ్డాడట, అక్క సొంత రక్తాన్ని పక్కనపెట్టి పరాయివాణ్ణి ముందు విడిపించబోయిందట, పాపం అర సెకను ఆలస్యమైందట. యంత్రం తయారుచేసినందుకు నన్ను తిట్టినవాళ్ళు కూడా ఇక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గించారు. కమిటీ రిపోర్టులో 'అసాధారణ నిస్వార్థం' అని నా గురించి ఒక వాక్యం ఉంది. ఎర్నాయుడి గురించి వీధిలో అన్న మాటలు రాయను.

నాన్న పట్టీ తీసేశాడు. చెయ్యి మళ్ళీ వణుకుతోంది. ఇంటికి ఎవరొచ్చినా, "నాను ఎయ్యనేదు బాబూ, సెయ్యే పడిపోనాది," అని ఒకటే మాట చెబుతాడు. జపాన్ నుంచి మిజునో రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

తమ్ముడు తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు అన్నం పెడుతుంటే కంచంలోకి చూస్తూ అడిగాడు.

"నాది కొయ్యమన్నాను గదప్పా."

"చచ్చిపోయేవాడివిరా."

"తెలుసు."

అంతే. అన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు జగ్గప్ప తల్లి సీతాలమ్మ వచ్చింది. కొడుకు పదకొండో రోజు చేసి, తల తడి ఆరకుండానే నేరుగా మా ఇంటికి నడిచి వచ్చింది. గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది.

"నీ తమ్ముడు నాది కొయ్యి, నాది కొయ్యని ఏడుత్తున్నా నివ్వు ఇననేదు తల్లీ. ముందు నా బిడ్డ మెడమీద సెయ్యేసినావు. ఆడికి రాత నేదు, అంతే. నీ కడుపు సల్లగుండ."

నడిమింటి తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద ఎర్నాయుడు కూర్చుని ఉన్నాడు. నేను అనాల్సింది ఒకే ఒక్క వాక్యం. అది నాలుక చివర ఉంది. ఆమె చేతులు నా చేతులమీద వేడిగా ఉన్నాయి.

"కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగుదువు గాని," అన్నాను.

గ్లాసుతో నేను వచ్చేసరికి ఎర్నాయుడు చొక్కా వేసుకుని బయటికి వెళ్ళబోతున్నాడు. సీతాలమ్మ లేచి వాడికి అడ్డంగా నిలబడింది. ముప్పయ్యేళ్ళు తన ఇంట్లో తిరిగిన వాడి మొహంలోకి ఒక నిమిషం చూసి, ఆ మొహాన ఉమ్మింది. వాడు తుడుచుకోలేదు, నావైపు చూడలేదు. వంగి ఆమె పాదాలకి దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె నా చేతిలోంచి గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది.